లెవల్ వన్‌లోంచి బయటికి దారి

లెక్కల్లో వెనకబడ్డ పిల్లల్ని పైకి లాగడానికి మా యూనివర్సిటీలో ఒక ప్రోగ్రాం పెట్టారు. దానికో బ్యానర్, ఒక లోగో, ఒక యాప్, మా బీఎడ్ బ్యాచ్‌లో పన్నెండు మందికి తెల్ల టీషర్టులు ఉండేవి. లెక్కలు మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు.

పద్ధతి ఇది. రోడ్డుకి అవతలున్న సర్కారు హైస్కూల్లో తొమ్మిదో తరగతికి బేస్‌లైన్ అని ఒక టెస్టు పెడతాం. అందులో అందరికన్నా తక్కువ వచ్చిన ఇరవై మందిని వారానికి మూడు రోజులు క్యాంపస్‌లోని పాత హాలుకి తీసుకొస్తాం. ఏ టైంలో అంటే, బడిలో వాళ్లకి లెక్కల పీరియడ్ నడిచే టైంలో. లెక్కలు రాని పిల్లల్ని లెక్కల క్లాసు మానిపించి తెస్తామన్నమాట. మొదటి మీటింగులోనే లేచి అడిగాను.

"సార్, అక్కడ క్లాసు ముందుకి పోతుంది కదా, వీళ్లు ఇంకా వెనకపడరా?"

మా కోఆర్డినేటర్ సారు నవ్వారు. ఆయన ఏ ప్రశ్నకైనా ముందు నవ్వేసి, జవాబు తర్వాత వెతుక్కుంటారు.

"లెక్కల బదులు లెక్కలే కదమ్మా చెప్తున్నాం. వేరే సబ్జెక్ట్ టీచర్లు ఒప్పుకోరు. ఎవరి పీరియడ్ వాళ్లకి ప్రాణం."

"బడి అయిపోయాక పెట్టొచ్చు కదా సార్?"

"అప్పటికి హాలుకి తాళం వేసేస్తారు. నెక్స్ట్ స్లైడ్."

బేస్‌లైన్ రోజు పొద్దున్నే మా వాట్సాప్ గ్రూపులో ఆయన మెసేజ్ పెట్టారు. పిల్లల్ని భయపెట్టొద్దు, తక్కువ వచ్చినా పర్లేదని చెప్పండి అని, కింద మూడు దండాల బొమ్మలు. ఎందుకో మా అందరికీ తెలుసు. మొదట్లో ఎంత తక్కువుంటే చివర్లో అంత ఎక్కువ పెరిగినట్టు కనిపిస్తుంది. నేను తొమ్మిదో తరగతి గదిలో నిలబడి, తల ఎత్తకుండా ఫోన్లోంచి చదివేశాను. "ఇది ఎగ్జామ్ కాదు. రాకపోతే వదిలెయ్యండి. తక్కువ వచ్చినవాళ్లకి యూనివర్సిటీలో ఫ్రీగా స్పెషల్ క్లాసులుంటాయి." చదివేసి, మళ్లీ నా చాటింగ్‌లో పడ్డాను.

ఆ ఇరవై మందికీ యాప్ లెవల్ వన్ ఇచ్చింది. అంటే కూడికలు, తీసివేతలు. చేతికి జ్యూస్ తాగే స్ట్రాలు ఇచ్చాం. పది స్ట్రాలకి ఒక రబ్బరు బ్యాండ్ వేస్తే పది, విడిగా ఉంటే ఒకట్లు. మీసాలొస్తున్న మగపిల్లలు చాపల మీద కూర్చుని స్ట్రాల కట్టలు కట్టారు. వాళ్లలో ఒకడు పొద్దున పూట వాళ్ల నాన్నతో కూరగాయల బండి మీద ఉంటాడు, ఎవరికి ఎంత చిల్లర తిరిగివ్వాలో నోటితోనే చెప్పేస్తాడు. అదే తీసివేత కాగితం మీద పెడితే బిగుసుకుపోతాడు. ఎక్కడ ఆగిపోతున్నావురా అని వాణ్ని అడిగే గడి మా వర్క్‌షీట్‌లో లేదు. రబ్బరు బ్యాండ్ వేశాడా లేదా అనే గడి ఉంది.

మూడో వారంలో, స్తంభం పక్కన కూర్చునే ఒక అమ్మాయి వర్క్‌షీట్ కింద వేరే నోట్‌బుక్ పెట్టుకుని రాస్తుంటే చూశాను. బేస్‌లైన్‌లో పేరు తప్ప ఇంకేమీ రాయని పిల్ల. నోట్‌బుక్ మీదున్న పేరు ఆమెది కాదు. లాక్కున్నాను.

"ఎవరిదిది? ఇక్కడ కూర్చుని కూడా కాపీనా?"

"కాపీ కాదక్కా, నోట్సు. మీరు మమ్మల్ని స్ట్రాలు లెక్కవెట్టనీకి తీస్కొచ్చిన్రు కదా, గప్పుడు మా సారు చెప్పిన పాఠం."

ఆ గొంతులో పొగరేమీ లేదు. అందుకే నాకు ఇంకా మండింది.

"తీసివేతలే రావు నీకు. ఇదేం చేసుకుంటావు?"

"ఒక లెక్క ఇయ్యుండ్రి మరి."

ఇప్పుడు తెలుస్తుందిలే అనుకుని ఫోన్లో తొమ్మిదో తరగతి పుస్తకం తెరిచి, బహుపదుల్లోంచి ఒక లెక్క చూపించాను. మూడు లైన్లలో చేసేసింది. "గా రెండోది గూడ చెయ్యాల్నా?" అని అదీ చేసింది. మూడోదాని దగ్గర ఆగి పెన్సిల్ చివర కొరికింది.

"గిది నాకు రాదక్కా. శుక్రవారం చెప్పిన్రంట."

శుక్రవారం మా దగ్గరే ఉంది. నేను ఒక్కో పేజీ తిప్పుతూ అడిగాను. ఆమెకి రాని లెక్కలన్నీ మా ప్రోగ్రాం నడిచిన రోజులవే.

"మరి ఆ రోజు టెస్టులో ఏమీ రాయలేదేంటి?"

ఆమె నన్ను వింతగా చూసింది.

"మీరే చెప్పిన్రు కదక్కా, తక్కువ వస్తె యూనివర్సిటీల క్లాసులుంటయని. తార్నాకల మా అమ్మ వంట చేసే లేడీస్ హాస్టల్ కిందనే కోచింగ్ సెంటరున్నది. పోయి అడిగితె ఫీజు చెప్పి పంపిచ్చిన్రు. గిదైతే ఫ్రీ కదా. ఒక్కటి రాసినా సెలెక్ట్ కానేమో అని మొత్తం ఇడ్సిపెట్టిన."

సెలెక్ట్. వాళ్లమ్మ హాస్టల్లో అమ్మాయిలందరికీ చెప్పుకుందట, మా బిడ్డకి యూనివర్సిటీలో సీటొచ్చిందని.

తర్వాత అసలు సంగతి చెప్పింది. హాఫ్ ఇయర్లీలో లెక్కల మార్కులు చూసి, వాళ్ల లెక్కల సారు ఎనిమిది మందిని తీసుకుంటారు. పదో తరగతి అయ్యేదాకా ఆ ఎనిమిది మందికీ పాలిటెక్నిక్ ఎంట్రెన్స్ కోసం రోజూ బడికి గంట ముందు క్లాసు చెప్తారు. ఆ హాఫ్ ఇయర్లీకి ఐదు వారాలే ఉంది. ప్రోగ్రాం చివర్లో మేం పెట్టే టెస్టు, ఎండ్‌లైన్, దాని తర్వాత. "గప్పటిదాంక గీడనే ఉంటె నేను ఫెయిలైతనక్కా. నన్ను మా క్లాసుకు పంపియ్యుండ్రి."

సాయంత్రం కోఆర్డినేటర్ సారు గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ముందు నవ్వారు.

"యాప్ లెవల్ వన్ ఇచ్చింది. యాప్‌తో మనం ఆర్గ్యూ చెయ్యలేం కదమ్మా."

"ఆమెకి లెక్కలు వచ్చు సార్."

"వస్తే ఇంకా మంచిది! ఎండ్‌లైన్‌లో గ్రోత్ ఎంత కనిపిస్తుందో ఆలోచించు. సున్నా నుంచి బహుపదులకి! మనకి కేస్ స్టడీ దొరికింది. మంచి ఫొటో ఒకటి తీసిపెట్టు."

ఇంకో మాట మాట్లాడితే ఏమంటానో నాకే తెలియక బయటికొచ్చేశాను. గ్రూపులో ఇంత పొడుగు మెసేజ్ టైప్ చేసి, పంపకుండా చెరిపేశాను. మర్నాడు రోడ్డు దాటి హైస్కూల్ స్టాఫ్‌రూంకి వెళ్లాను. లెక్కల సారు టిఫిన్ బాక్స్ తెరిచి పులిహోర తింటున్నారు.

"ఆ పిల్లనా? గోడ పొంటి కూసునేదేనా? ఎన్నడన్న నోరు తెరిస్తె కదా మేడం, నాకు తెల్వనీకి."

"పంపిస్తే క్లాసులో కూర్చోనిస్తారా సార్?"

"రిజిస్టర్ల యూనివర్సిటీ అని రాసున్నది. నిజం చెప్పాల్నంటె, గా ఇరవై మంది పోయినంక నా క్లాసు సాఫ్‌గ నడుస్తున్నది. ఒక్కదాన్ని రానిస్తె కడమోళ్లు గూడ వస్తరు."

"రానివ్వండి! అది వాళ్ల క్లాసే కదా సార్!"

స్టాఫ్‌రూంలో అందరూ తలలెత్తారు. ఆయన నింపాదిగా బాక్స్ మూత పెట్టారు.

"గరం గాకుండ్రి మేడం. కూసోమనుండ్రి. నేనైతే చూడలె."

బడి వైపు నుంచి ఆ మాత్రం దయ దొరికింది. ఇక మిగిలింది యాప్. క్లాసు అయినట్టు రుజువుగా అది ఫొటో అడుగుతుంది, ఫొటోలో మొహాలు లెక్కపెడుతుంది. ఇరవైకి ఒకటి తగ్గినా తీసుకోదు. పిల్లలు నేర్చుకున్నారా అని ఆ యాప్ ఏనాడూ అడగలేదు గానీ, మొహాల దగ్గర మాత్రం మహా కచ్చితం. అందుకని నా ఫోన్ నా ఫ్రెండు చేతికిచ్చి, నేనే వెనక వరసలో చాప మీద కూర్చునేదాన్ని. టీషర్టు మీద చున్నీ కప్పుకుని, చేతిలో స్ట్రాల కట్ట పట్టుకుని, ఇరవయ్యో మొహంగా. పక్కన కూర్చున్న కూరగాయల బండి పిల్లాడు పళ్లికిలించేవాడు. "మేడం, మీకు ఎన్ని పదులొచ్చినయ్?"

అలా మూడు వారాలు నడిచింది. ఆ అమ్మాయి మూడో పీరియడ్‌కి, అంటే లెక్కలప్పుడు, తన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంది. మేము లాక్కున్న పాఠాలు ఒకటొకటే రాసుకుంది.

తర్వాత రివ్యూ మీటింగ్. కోఆర్డినేటర్ సారు మా ఫొటోలు తెర మీద వేసి, మురిసిపోతూ నేను చాప మీద కూర్చున్న ఫొటో దగ్గర ఆగారు. అందులో నా మొహాన్ని పెద్దది చేశారు.

"చూడండి, లెవల్ వన్‌లో కూడా ఎంత శ్రద్ధగా చూస్తోందో ఈ అమ్మాయి. ఎవరీ స్టూడెంట్?"

ముందు ఒకరు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. ఆయన తెర దగ్గరికి వెళ్లి చూశారు, వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆ ఒక్కసారి ఆయన నవ్వలేదు.

"నీ ఇంటర్న్‌షిప్ రికార్డు మీద సంతకం పెట్టాల్సింది నేనే. గుర్తుందా?"

"గుర్తుంది సార్. ఇంకో పది రోజుల్లో ఆ పిల్లకి పరీక్ష. అది మీకు గుర్తుందా?"

ఆయనకి కావాల్సింది గొడవ కాదు, సాయంత్రంలోపు పంపాల్సిన రిపోర్టు.

"సరే, ఆ అమ్మాయిని తీసెయ్. యాప్‌లో కారణం పెట్టి తీసెయ్."

అక్కడే ఫోన్లో తెరిచాను. ఒక పిల్లని ప్రోగ్రాంలోంచి తియ్యడానికి యాప్‌లో మూడంటే మూడే కారణాలున్నాయి: ఊరు మారింది, జబ్బు చేసింది, బడి మానేసింది. లెక్కలు వచ్చు అనే కారణం లేదు. ఇన్ని హంగులున్న ప్రోగ్రాంలోంచి ఒక పిల్ల లెక్కలు నేర్చుకుని బయటపడొచ్చని దాన్ని తయారుచేసినవాళ్లకి తట్టలేదు.

"సార్, వీటిల్లో ఏదీ నిజం కాదు."

"నిన్ను నిజం అడగలేదమ్మా. కారణం అడిగాను."

ఊరు మారిందని నొక్కితే టీసీ నంబరు అడిగింది. జబ్బు చేసిందని నొక్కితే డాక్టర్ చీటీ ఫొటో అడిగింది. బడి మానెయ్యడానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు. రోడ్డుకి అవతల ఆ పిల్ల లెక్కల క్లాసులో కూర్చుని ఉండగా, ఇవతల నేను బడి మానేసిందని నొక్కాను.

ఆ యాప్ అలాంటి పిల్లల ఇళ్లకి దానంతట అదే ఫోన్ చేస్తుందని నాకెవరూ చెప్పలేదు. రెండు రోజుల తర్వాత, మా పందొమ్మిది మందినీ తిరిగి బడికి దింపుతున్నాను. హబ్సిగూడ మెట్రో దగ్గర ఆటో నడిపే ఆ అమ్మాయి నాన్న ఖాకీ చొక్కాతో వరండాలోకి పరిగెత్తుకొచ్చాడు.

"నా బిడ్డ యాడున్నది? పొద్దుగాల నేనే గేటుకాడ దింపిపోయిన! బడి బంజేసిందని ఫోనొచ్చింది!"

క్లాసు గుమ్మంలోకి ఆ పిల్ల వచ్చింది. వెనక చాక్‌పీస్ చేత్తో లెక్కల సారు.

"నాయినా, గీడనే ఉన్న. బడి మానలె."

"మరి ఫోన్ల గట్ల చెప్పవట్టిరేందే?"

ఆమె నా వైపు చూసింది. నేను చెప్పాను, క్లాసుకి పంపించడం కోసం అలా రాయాల్సొచ్చిందని. బయటికి అంటున్నప్పుడే ఆ మాట ఎంత దరిద్రంగా ఉందో నాకు వినిపించింది.

"చదువుకుంటున్న పోరిని బడి మానిందని రాసినవా? దిమాక్ ఉన్నదా మేడం నీకు? ఆటోల ఉన్నోళ్లను నడిరోడ్డు మీద దింపి ఉరికొచ్చిన!"

నా జీవితంలో తిట్టు తిని తిరిగి అనని సందర్భాలు చాలా తక్కువ. అది ఒకటి.

"నాయినా, ఇంటికాడ చెప్త. నువ్వు పో," అంది ఆ పిల్ల. "సారు బోర్డు తుడిచేస్తరు."

పరీక్షలయ్యాయి. ఎనిమిది మంది పేర్లు నోటీస్ బోర్డు మీద పెట్టారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. ఆమెది ఏడో పేరు. ఆ పొద్దున్నే కోఆర్డినేటర్ సారు నన్ను పిలిచి, మళ్లీ పాత నవ్వు నవ్వారు.

"ఆ బడి మానేసిన అమ్మాయి బడికొస్తోందట కదా! యాప్‌లో మళ్లీ చేర్చు. 'తిరిగి బడికి తెచ్చినవారు' అనే గడి మనది ఖాళీగా ఉంది. అది చేసి రికార్డు పట్టుకురా, సంతకం పెట్టేస్తా."

మళ్లీ చేర్చిన వాళ్లని యాప్ ఎక్కడ పెడుతుందో అప్పటికే చూశాను. లెవల్ వన్‌లో, ఎండ్‌లైన్ దాకా.

నోటీస్ బోర్డు దగ్గర ఆమెకి ఆ ముక్క చెప్పాను, నవ్వుతుందనుకుని. నవ్వలేదు. నా చేతిలో ఫోన్ వైపు భయంగా చూసింది.

"వద్దక్కా, దండం పెడ్త. బడి మానేసినట్లనే ఉంచుండ్రి నన్ను."

మూడో పీరియడ్ గంట కొట్టారు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. నా రికార్డు మీద సంతకం ఇంకా పడలేదు.