ఎర్ర రంగు పడని వేపచెట్లు

మేకల అవ్వ పోయింది. "ప్రభువునందు నిద్రించింది" అని వాళ్ల ఊరి పాస్టరయ్య పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు. ఆమె నాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. నాకు పని నేర్పిన మనిషి.

ఉపగ్రహం తీసిన చిత్రాల్లో సర్కారు తుమ్మ ఎక్కడెక్కడ అల్లుకుందో గుర్తించి మ్యాపు గీయడం నా పని. వేసవిలో మార్కాపురం నుంచి దోర్నాల దారిన పోయినవాళ్లు చూసే ఉంటారు, చుట్టూ అంతా మాడిపోయినా ఆ కంప మాత్రం పచ్చగా ఉంటుంది. అందుకని ఏప్రిల్ చిత్రంలో పచ్చగా కనబడిన చోటల్లా ఎర్ర రంగు పూశాను. ఎర్ర రంగు పడ్డచోటికి కంప పెకలించడానికి జేసీబీ వస్తుంది. ఇక నేల మీద తిరిగి సరిచూసుకోవాలి. దారి చూపడానికి, మేకల వెంట బతుకంతా తిరిగిన అవ్వను తోడిచ్చారు.

ఆమె నడక నాకు అందేది కాదు. వెనకబడితే మేకల్ని పిలిచినట్టే నాలుక టకటకలాడించి నన్నూ పిలిచేది. ల్యాప్‌టాప్‌లో ఊరు చూపిస్తే ఇల్లు అడగలేదు, మేకల దొడ్డి ఏదని అడిగింది. ఇంత కంప ఎట్ల పెరిగిందవ్వా అంటే దాచుకోలేదు. మేకలే కాయలు తిని, పోయిన చోటల్లా పెంటికలతో గింజలు చల్లాయట. "తప్పు మాదే నాయనా, వాటికేం తెలుసు" అంది.

మూడో రోజు వాగు అవతల ఒక్క ఎర్ర మచ్చ మిగిలింది. ఎండ మండిపోతోంది. ఇక్కణ్నించే పచ్చగా కనబడుతోంది కదా, కంపేనని రాసేసుకుందాం అన్నాను. అవ్వ రాయి మీద కూలబడింది. నేను పోయి చూసి వస్తేగానీ లేవనంది.

"పైనుంచి చూస్తే అంతా పచ్చనే నాయనా. కిందికి పోతేనే ముల్లుందో నీడుందో తెలిసేది."

గొణుక్కుంటూ వాగు దాటాను. అక్కడ కంప లేదు. వేపచెట్లు, వాటి కింద సమాధులు. ఊరివాళ్లు బిందెలతో నీళ్లు మోసి పెంచిన చెట్లు. అవ్వ పెనిమిటి కూడా అక్కడే ఉన్నాడు. సిగ్గుతో తిరిగొచ్చి, ముందే చెప్పొచ్చు కదవ్వా అన్నాను. "చెప్తే రాసుకొని పోతావు. ఇప్పుడు చూసినావు, ఇంక మరువవు" అంటూ మజ్జిగ సీసా చేతిలో పెట్టింది. ఆ తర్వాత నేను కాలు పెట్టని చోట రంగు పూయలేదు.

పాస్టరయ్య ఫోన్ అందుకొని నేను వెళ్లేసరికి అవ్వ మీద మట్టి కప్పేశారు. పెనిమిటి పక్కనే, వేపనీడలో. మేకలు ఆ రోజు దొడ్డి విడవలేదు.

ఈ ఏప్రిల్ చిత్రం నిన్న వచ్చింది. వాగు అవతల ఆ చిన్న మచ్చ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అవ్వ అక్కడే ఉంది. పైనుంచి చూస్తే వట్టి పచ్చనే.