పేరు చెప్పని మా సంఘపెద్ద

మా సంఘపెద్ద పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. ఫిల్మ్‌నగర్ మలుపులో టీ తాగుతుంటే కబురు తెలిసింది. గ్లాసు అక్కడే పెట్టేశాను. ఇది చదివేవారిలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. తెలిసినవాళ్ళకి కూడా ఒక సంగతి మొన్నటిదాకా తెలియదు.

ఆయన స్టూడియోల్లో సెట్లు వేసే వడ్రంగి. మెదక్ వైపు మనిషి. ఆదివారం అందరికంటే ముందొచ్చి చర్చిలో చాపలు పరిచేవారు. ఆయన ప్రార్థన రెండు మాటల్లో అయిపోయేది. "చెక్క చీలింది గదా అని ఎంటనే మేకు కొట్టొద్దు, ఇంకింత చీలుతది," అనేవారు. అది పని గురించో మనుషుల గురించో విడమరిచేవారు కాదు.

నేను గుంటూరు నుంచి వచ్చి ఒక సినిమా ఆఫీసులో డైలాగులు ఫెయిర్ కాపీ రాసేవాణ్ణి. చర్చిలో పాటలు నడిపించేదీ నేనే. ఎనభైల చివర్లో వచ్చిన కొత్త పాస్టరుగారు నాతో ఒక్క మాటైనా అనకుండా ఆ పని ఇంకొకరికి అప్పగించారు. ఆ ఉక్రోషంలో ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఇంతకుముందు పనిచేసిన సంఘం వాళ్ళు ఆ పాస్టరుగారిని తరిమేశారని అందులో పెట్టాను. అది పచ్చి అబద్ధం. రాత మార్చి, నాలుగు ప్రతులు సంఘంలోని నాలుగిళ్ళకు పోస్టు చేశాను.

రెండు వారాల్లో సంఘం రెండు ముక్కలైంది. పాస్టరు వెళ్ళిపోవాలని కొందరు, ఉండాలని కొందరు. ఆయన భార్య ఆరాధనకు రావడం మానేసింది.

ఒక మధ్యాహ్నం పెద్దాయన నా గదికి వచ్చారు. మంచినీళ్ళు అడిగి తాగారు.

"తమ్మీ, రాత మార్చినవ్ గానీ 'ళ' మార్చలే. పాటల చార్టు మీద గూడ దాని తోక గట్లనే ఉంటది," అన్నారు.

ఎంతమందికి చెప్పారని అడిగాను.

"ఎవ్వరికి చెప్పలే. ముందుగాల ఒక్కణ్ణే పోయి మాట్లాడమన్నడు ప్రభువు. నువ్వు వినకుంటే ఇద్దర్ని తోలుకురావాలె. నాకు తోలుకురాబుద్ధి అయితలేదు."

"ఏం చెయ్యమంటారండీ?"

"అయ్యగారింటికి పోదాం. నేను గేటు కాడ ఉంట."

వెళ్ళాం. పాస్టరుగారి ముందు తల దించుకుని అంతా చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన భార్య లోపల్నుంచి వచ్చి, "నన్ను కూడా అడగండి, క్షమించమని," అంది. అడిగాను.

ఆ ఆదివారం పెద్దాయన సంఘం ముందు నిలబడి, ఉత్తరంలోది అబద్ధమని చెప్పారు. రాసినవాడి పేరు చెప్పమని కేకలు లేచాయి.

"ఒప్పుకున్నడు. అయ్యగారు క్షమించిండు. ఇంక పేరెందుకు?" అని కూర్చున్నారు.

చాలామంది సర్దుకున్నారు. మూడు కుటుంబాలు మాత్రం, తనవాళ్ళనెవరినో దాస్తున్నాడని, అసలు ఆయనే రాయించాడని అంటూ మోతీనగర్‌లో వేరేగా ప్రార్థనకు కూడుకోవడం మొదలుపెట్టాయి. అందులో ఒకటి ఆయన సొంత తమ్ముడిది.

నెలకోసారి ఆయన మోతీనగర్‌కు నడిచి వెళ్ళి, తమ్ముడి గుమ్మం బయట నిలబడి అందరినీ పలకరించి వచ్చేవారు. వాళ్ళు లోపలికి రమ్మనేవారు కాదు. ఇక్కడ మాలో కూడా కొందరు ఆయన పక్కన కూర్చోవడం మానేశారు. నేనూ కూర్చోలేదు. ఎవరైనా పసిగడతారని భయం. ఒకసారి మాత్రం, అందరి ముందూ ఒప్పేసుకుంటానన్నాను.

"నా ఫికర్ చెయ్యకు. నా మీద జాలితోని చెప్పకు. నీకు చెప్పాలనిపించిన్నాడు చెప్పు," అన్నారు.

ఆ మాట చాటున ఏళ్ళు గడిపేశాను. ఆయన ఒంటరితనం మీద నేను సంఘంలో ఒకడిగా బతికాను. ఈ ఊళ్ళో నన్ను పూర్తిగా ఎరిగిన మనిషి ఆయనొక్కరే.

భూస్థాపన రోజు మోతీనగర్ వాళ్ళూ వచ్చారు. బయట వాన. చిన్న చర్చిలో అందరం ఇరుక్కుని కూర్చున్నాం. ఆయన గురించి చెప్పదలచినవాళ్ళు లేవమంటే లేచాను. ఆ ఉత్తరం నేనే రాశానని చెప్పాను. ఆయన తమ్ముడు నావైపు కాసేపు చూసి, పెట్టె దగ్గరికి వెళ్ళి, దాని అంచు పట్టుకుని అలాగే కూలబడ్డాడు. మావాళ్ళు ఇద్దరు వెళ్ళి అతన్ని లేపి పట్టుకున్నారు.

పెట్టె ఎత్తారు. గుమ్మం బయట వానలో చెప్పులన్నీ కలిసిపోయాయి. మావాళ్ళవి వాళ్ళూ, వాళ్ళవి మావాళ్ళూ వెతికి అందించుకుంటూ, ఒకరి గొడుగు కిందికి ఒకరు చేరి వాలు దిగిపోయారు. నేను బయటికొచ్చేసరికి మెట్ల మీద నా జత ఒక్కటే ఉంది, నిండా నీళ్ళతో.