చదవకుండా పెట్టిన సంతకం

ఇన్నేళ్లూ నాకు రాయడం రాకపోవడానికి కారణం నా వేళ్ల చురుకుదనమే. మెట్‌పల్లిలో మా తరం ఆడవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, ఎనిమిదేళ్లకే బీడీలు చుట్టడం వచ్చేసేది. మూడో తరగతిలో నేను కూడబలుక్కుంటూ చదువుతుంటే మా పంతులు మా బాపును పిలిపించి, పిల్లకు చదువు అబ్బదు, చేతిపని మాత్రం బాగా వస్తుందని చెప్పాడు. అది మెచ్చుకోలు అనుకుని బాపు మురిశాడు, నేనూ మురిశాను. మర్నాటి నుంచి బడి లేదు, చాటే.

అరవై దాటాక మనుమరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలిని తలకు తుడుచుకునే రోజులు పోయాయి కదా, ఇక ఎక్కడ కాగితం కనబడినా సంతకం చేయాలనిపించేది.

మొన్న మనుమరాలి బడిలో పెద్దవాళ్లను రమ్మంటే, కోడలికి కుదరక నేను వెళ్లాను. లోకం మారిపోతోందని, పిల్లలకు కొత్త నైపుణ్యాలు కావాలని, అందుకే వచ్చే ఏడాది పాఠ్య ప్రణాళిక మారుస్తున్నామని పెద్దసారు చాలాసేపు చెప్పాడు. నా ధ్యాసంతా చేతులు మారుతూ వస్తున్న కాగితాల మీదే ఉంది. నాది అందగానే వంకర లేకుండా, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టి, కింది కార్బన్ నకలు కొంగున ముడేసుకున్నాను.

సాయంత్రం కోడలు అది విప్పి చూసి నా ముందు పరిచింది.

"సంతకం ముద్దుగున్నది అత్తమ్మా. గని మీదున్నది చదివినవా?"

అప్పుడు చదివాను, వేలు పెట్టి ఒక్కో మాటా. చురుగ్గా చదివే పిల్లలకు కంప్యూటర్, వెనకబడినవాళ్లకు కుట్టుపని. రెండో జాబితాలో మా పిల్ల పేరు, పక్కన ‘చేతిపనిలో దిట్ట’ అన్న మాట, అన్నిటికీ కింద నా సంతకం.

"నాకు కుట్టుడు మంచిగ వస్తది బాపమ్మా, ఫికర్ చెయ్యకు" అని మనుమరాలు నన్నే ఓదార్చింది. ఆ మురిపెం నాకు తెలిసినదే కాబట్టి ఇంకా భయమేసింది. పొద్దుగూకేదాకా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. ఆనాడు పంతులు నోటిమాట సరిపోయింది. ఈనాడు అచ్చు కాగితం వచ్చింది, దాని కింద ఇంటివాళ్ల సంతకం వచ్చింది. మారింది అంతేనా అనిపించింది.

మర్నాడు గంట కొట్టకముందే బడికి వెళ్లాను. పెద్దసారు నవ్వి, "పరేషాన్ గాకు అవ్వా. నువ్వే సంతకం పెట్టినవ్ గద" అన్నాడు.

"పెట్టిన సారూ. చదవకుంట పెట్టిన. గిప్పుడు చదివి వచ్చిన."

అసలు కాగితం అడిగి తీసుకుని, నా సంతకం కింద ‘మా పిల్లకు రెండూ నేర్పండి’ అని రాశాను. అక్షరాలు వంకరపోయాయి. దిద్దకుండానే ఇచ్చేశాను.