దొరసాని అడిగిన మాట

దగ్గరికి జరిగి కూర్చోండి, బందరు మ్యూజియంలో నాకు తగిలిన దొరసాని సంగతి చెబుతాను. అక్కడ ఆరుబయట పాతకాలపు తెల్లదొరలు పొలంలో ఉండే ఇల్లులాంటిది కట్టి ఉంచారు. గౌను తొడుక్కున్న ఒకమ్మాయి దొరసానిలా నటిస్తూ ఆ ఇల్లు చూపిస్తోంది. వేషంలో ఉండగా సొంత మాటలు దొర్లితే ఉద్యోగం పోతుందట.

మాది అవనిగడ్డ అనగానే, తనదీ ఆ ఊరేనేమో, ఆ పిల్ల నోరు ఆగలేదు. "భోంచేశారా పిన్నిగారూ?" అంది.

వెనకే మేనేజరు. "దొరసానికి పిన్నిగారు ఎక్కణ్ణుంచి వచ్చారమ్మా?"

పిల్ల మొహం పాలిపోయింది. నేనే అందుకున్నాను. "దొరగారు మా అక్క కొడుకేనండీ. కోడలు అడక్కపోతే ఇంకెవరడుగుతారు?"

"అయితే ఉత్తినే పంపకూడదు" అంటూ ఆయన తన క్యారేజీ దొరగారి బల్లమీద విప్పారు.

ఈ సంగతి విన్న మీ గుమ్మంలోకి వచ్చినవాళ్ళు ఎప్పుడూ కడుపునిండా తినే వెళ్ళాలి.