ఆయన ఫొటోకు తెరిచిన గేటు

వకీల్ సాబ్ పోయారని నాకు ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చెప్పింది. పైన రెండు దీపాల బొమ్మలు, కింద 'చెరువుల ప్రేమికుడికి కన్నీటి నివాళి' అని అక్షరాలు. పంపిందెవరో చూసేసరికి ఒళ్లు మండిపోయింది. మా చెరువు పూడ్చి ఫంక్షన్ హాల్ కట్టిన ఓనరు! తీరిగ్గా ఏడవడానికి కూడా లేకుండా చేశాడు నాకు.

నేను ఉప్పుగూడ అవతలి బస్తీలో అంగన్‌వాడీ టీచర్‌ని. చెరువుల కేసులు వాదించే లాయరుగా ఆయన పేరు మీరు ఎప్పుడో పేపర్లో చూసే ఉంటారు. మాకు మాత్రం వకీల్ సాబే. లాడ్ బజార్ వెనక సందులో, గాజుల దుకాణం పైన ఆయన ఆఫీసు. కాగితాలు తేలేదని మమ్మల్ని గదమాయిస్తే కింద గాజులు కొనేవాళ్లు తలెత్తి చూసేవాళ్లు.

ఆయనతో నా పరిచయం తిట్లతో మొదలైంది. తిట్టింది నేను. చెరువు జాగాలో కట్టినవన్నీ తీసెయ్యాలని ఆయన కోర్టు నుంచి ఆర్డరు తెచ్చారు. ఆఫీసర్లు ఆ ఆర్డరు పట్టుకుని బుల్డోజరుతో ఎక్కడికి వచ్చారనుకున్నారు? ఫంక్షన్ హాల్ దగ్గరికా? మా రేకుల ఇళ్ల మీదికి! పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే మా వంటింటి గోడ కూలింది. హాల్ గోడకు చిన్న గీత కూడా పడలేదు.

మర్నాడు పొద్దున ఆయన వచ్చారు. నల్లకోటు చేతి మీద వేసుకుని, కాళ్లకు హవాయి చెప్పులతో. నేను మీద పడినంత పని చేశాను.

"ఎవల కోసం తెచ్చినవయ్యా ఆర్డరు? నీకు మా ఇల్లే కనవడ్డదా?"

ఆయన కూలిన ఇటుకల మీద కూర్చుండిపోయారు. "తప్పు నాదే టీచరమ్మా. అన్నీ తీసెయ్యాలె అని అడిగిన. ఎక్కడికెల్లి షురూ చెయ్యాల్నో అడగలే. గంత సోయి లేకపాయె."

అంత పెద్ద లాయరు మా ముందు అట్లా అంటారని ఎవరనుకుంటారు? నా కోపం పోలేదు. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలిసింది. అప్పటి నుంచి ఆయన వేసిన ప్రతి పిటిషన్‌లోనూ పెద్ద కట్టడాలు ముందు పోవాలని, వేరే చోటు చూపించాకే పేదల ఇళ్ల జోలికి రావాలని ఉండేది. మా ఇళ్లకు స్టే తెచ్చారు. మేము మళ్లీ గోడలు లేపి రేకులు వేసుకున్నాం.

అట్లాగని మమ్మల్ని బుజ్జగించిన మనిషి కాదు. "ఈడ ఇండ్లుండొద్దు, నిజమే. నీళ్లొస్తయ్. గని మీకు జాగ చూపెట్టినంకనే తియ్యాలె" అని మొహం మీదే చెప్పేవారు.

వాన పడితే చాలు, బస్తీలో దిగేవారు. ముసలమ్మలను ఆపి, "అమ్మా, నీళ్లు యాడిదాంక వచ్చినయ్?" అని అడిగేవారు. ఒకామె మోకాలు చూపించేది, ఇంకొకామె నడుము. వెంటనే తన జూనియర్ లాయరమ్మతో టేపు పెట్టి కొలిపించి, గోడ మీద మరకలు ఫొటో తీయించి కోర్టులో వేసేవారు. మా అమ్మ ఇచ్చిన చాయ్ ఈ లొల్లిలో సగం తాగి మరిచిపోయేవారు.

"సాబ్, గింత చాయ్ తాగనీకి ఫుర్సత్ లేదా?" అని అమ్మ ప్రతిసారీ కసిరేది. ఆయన నవ్వి, చల్లారిన చాయ్ గటగటా తాగేసేవారు.

చివరికి నాలా కేసు మిగిలింది. చెరువు నీళ్లు బయటికి పోయే నాలాను సన్నగా నొక్కేసి, దాని మీద హాల్ కట్టారని, అందుకే వరద మా ఇళ్లలోకి తిరుగుతోందని మా గోడు. అక్కడ నాలాయే లేదంటాడు ఓనరు. ఆఫీసర్లూ సిగ్గులేకుండా అదే రాసిచ్చారు. ఒక్కసారి లోపల చూడనివ్వమని వకీల్ సాబ్ ఆ గేటు దగ్గర ఎన్నిసార్లు నిలబడ్డారో! పెళ్లి జరుగుతోందని ఒకసారి, తాళం చెవి లేదని ఒకసారి. డెబ్బై దాటిన మనిషిని ఎండలో నిలబెట్టి వాచ్‌మన్‌తో జవాబు చెప్పించారు. కేసు తేలకుండానే ఆయన గుండె ఆగింది.

సంతాప సభ ఆ హాల్లోనే పెట్టారు. ఓనరు ఉచితంగా ఇచ్చాడట, ఎంత పెద్ద మనసో! బతికున్న మనిషికి తెరవని గేటు ఆయన ఫొటోకు బార్లా తెరిచారు. నేను చచ్చినా రానన్నాను. అమ్మ చీర మార్చుకుని బయల్దేరింది.

"ఆయన పోలేని జాగకు మనమన్న పోదాం పా."

ముందు రాత్రంతా వాన. హాల్లో ఓనరు మైకు పట్టుకుని వకీల్ సాబ్ తనకు అన్నలాంటివారన్నాడు. చెరువులను కాపాడుకోవాలన్నాడు. నేను పళ్లు నూరుతూ కూర్చున్నాను. రెండు నిమిషాలు మౌనం పాటిద్దామని కూడా అతనే చెప్పి మైకు పక్కన పెట్టాడు. అందరం లేచి నిలబడ్డాం.

అప్పుడు వినిపించింది. మా కాళ్ల కింద, ఆ మెరిసే టైల్స్ కింద, నీళ్లు గలగలా పారుతున్నాయి. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వకీల్ సాబ్ జూనియర్ మెల్లగా వంగి, తన ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి నేల మీద పెట్టింది.

ఓనరు గబుక్కున మైకు కోసం చెయ్యి చాపాడు.

"ఆగు" అంది మా అమ్మ. "రెండు నిమిషాలు ఇంకా కాలే."