యాకూబ్ చాచా పంపు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్ల ముఖం మీదే నవ్వేవాణ్ణి. ఇప్పుడూ నమ్మను. కాని ఒక సైకిల్ పంపు సంగతి మాత్రం నా బుర్రకు అందడం లేదు. అబద్ధమంటే నాకు కోపం వస్తుంది, ముందే చెబుతున్నా.

డెబ్బైల చివర్లో హన్మకొండ అవతల ద్రాక్ష వైన్ తయారుచేసే చిన్న షెడ్డులో పనిచేశాను. ఐదు సిమెంటు టాంకులు. ఒక్కోదాని అడుగు దాకా సన్న గొట్టం, దాని చివర నీళ్ల ఫిల్టర్‌లో వాడే తెల్ల క్యాండిల్. అక్కడి పాత పనివాడు యాకూబ్ చాచా పొద్దున్నే గొట్టం పై కొసకు సైకిల్ పంపు తగిలించి గాలి కొట్టేవాడు. క్యాండిల్‌లోంచి ఆవగింజలంత బుడగలు లేచేవి. ఆ కాస్త గాలితో వైన్ వగరు తగ్గేది. ఎక్కువైతే పులిసి చెడిపోయేది. అందుకే టాంకుకు ముప్పై దెబ్బలే. చాచాకు ఆయాసం. పది దెబ్బలకోసారి ఆగి రెండుసార్లు దగ్గేవాడు. నేను ఆ దగ్గును వెక్కిరించి అందర్నీ నవ్వించేవాణ్ణి. తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఖాళీ టాంకు కడగడానికి దిగేముందు వెలిగించిన దీపాన్ని తాడుతో అడుగు దాకా దించాలి. ఆరిపోతే లోపల విషగాలి ఉన్నట్టే, దిగకూడదు. ఇది చాచా పెట్టిన పద్ధతి.

"జర దీపం మాట ఇను కొడకా. నీకంటె ముందు దానికి ఎరికైతది," అనేవాడు.

ఆయన చనిపోయాక అంత కొలతగా గాలి కొట్టేవాళ్లు లేరని షెడ్డు యజమాని సేటు ఆ పంపును గుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టి తాళం వేశాడు.

చాచా పోయిన నలభయ్యో రోజు వాళ్ల ఇంట్లో మధ్యాహ్నం భోజనాలకు పిలిచారు. తొందరగా పని ముగించాలని దీపం దించకుండానే టాంకులోకి దిగాను. మడ్డి తోడుతుంటే కాళ్లు తేలిపోయి పడ్డాను. నిచ్చెన పక్కనే ఉంది, చెయ్యి లేవలేదు. ఇంట్లో నా భార్యకు ఏడో నెల. అయ్యో, దాన్ని ఒంటరిని చేస్తున్నానే అనుకున్నాను.

అప్పుడు చెంపకు చల్లగా గాలి తగిలింది. క్యాండిల్‌లోంచే. నోరు దానికి ఆనించాను. గొట్టంలో పంపు చప్పుడు వినిపించింది. పది దెబ్బలు. రెండు దగ్గులు. మళ్లీ పది.

నాతో పనిచేసే సమ్మయ్య నన్ను చూసి, ఊపిరి బిగబట్టి దిగి నడుముకు తాడు కట్టాడు. వాడు పైకెక్కాక సేటూ వాడూ కలిసి లాగారు.

మాట రాగానే గాలి కొట్టిందెవరని అడిగాను. ఎవరూ కొట్టలేదన్నారు. గొట్టం కొస ఖాళీగా ఉంది. నేను మొండివాణ్ణి, అల్మారా తెరిచేదాకా కదలనన్నాను. సేటు మొలలోంచి తాళంచెవి తీసి తెరిచాడు. గుడ్డ ముడి ఆయన వేసినట్టే ఉంది. విప్పితే పంపు అడుగు వేడిగా ఉంది. గాలి కొట్టాక పంపు ఎలా కాలుతుందో సైకిలున్న ప్రతివాడికీ తెలుసు. సమ్మయ్య తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

స్పృహ తప్పి భ్రమపడ్డావన్నారు చాలామంది. దగ్గు నా భ్రమే కావచ్చు. ఆ వేడి ముగ్గురి చేతులకూ తగిలింది.

ఆ మధ్యాహ్నం చాచా ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. ఆయన భార్య, చాచీ, వడ్డిస్తూ, "జర నిమ్మలంగ తిను బిడ్డా," అంది. ఏడ్చేశాను.

ఆ దగ్గును అంతగా వెక్కిరించిన నన్ను ఆయన ఎందుకు బతికించాడో, అసలు బతికించింది ఆయనేనో కాదో, ఇప్పటికీ నాకు తెలియదు.