రుచి పుస్తకం

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లవారిందని చెప్పేది కోడి కాదు, మా తాతయ్య బూట్లు. మిలిటరీలో సుబేదారుగా చేసి ఆయన ఇంటికొచ్చేశారుగానీ, ఆ బూట్లు మాత్రం రిటైరు కాలేదు. పొద్దున్నే అరుగు మీద టకటకమని చప్పుడైందంటే ఇక ఎంత ముసుగు తన్నినా లాభం లేదు, లేవాల్సిందే.

తాడేపల్లిగూడెం పక్కన మా ఊరు. మా వైపు మిలిటరీకి మనిషిని పంపని ఇల్లు తక్కువ. అలా వెళ్లి తిరిగొచ్చినవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. రైసుమిల్లు వెనకాల పెంకుల షెడ్డు వాళ్ల ఆఫీసు. ఆదివారం వచ్చిందంటే చాలు, కాలవలో గుర్రపుడెక్క తీయడమో, బడి గోడలకి సున్నం కొట్టడమో, కొడుకులు సరిహద్దులో ఉన్న తల్లులకి ఉత్తరాలు చదివిపెట్టడమో, ఏదో ఒకటి పెట్టుకునేవారు. "వీళ్లని మిలిటరీ వదిలేసినా వీళ్లు మిలిటరీని వదల్లేదు" అని మా నాయనమ్మ దెప్పేది. దెప్పుతూనే వాళ్లందరికీ కాఫీలు పంపేది.

ఆ సంఘంలో నాకు అన్నిటికంటే వింతగా తోచింది రుచి పుస్తకం. మిలిటరీలో జవాన్లకి వడ్డించే ముందు ఎవరో ఒకరు వంట రుచి చూసి, బాగుందని పుస్తకంలో సంతకం పెట్టాలట. ఆ సంతకం పడేదాకా ఎంత ఆకలేసినా ఎవరూ ముట్టుకోకూడదట. వీళ్లు ఆ పద్ధతిని ఊళ్లోకి కూడా తెచ్చుకున్నారు. కార్తీకమాసం వనభోజనాలకి వెళ్లినా సరే, ఒక తాతగారు చెంచాడు పులిహోర నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, గంభీరంగా తలాడించి సంతకం పెట్టేవారు. అప్పటిదాకా మేం పిల్లలం ఆకుల ముందు గుటకలు మింగుతూ కూర్చునేవాళ్లం. చెంచాడు తినడానికి ఇంత హంగామా ఏమిటా అని నాకు నవ్వొచ్చేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక వానాకాలం చివర్లో బుడమేరు, తమ్మిలేరు రెండూ ఒక్కసారే పొంగి కొల్లేట్లో పడ్డాయి. లంక గ్రామాలు మునిగిపోయాయని కబురొచ్చింది. సాయంత్రానికల్లా మా వాళ్లు మిల్లు దగ్గర బియ్యం, కందిపప్పు, గుండిగలు, విస్తళ్లు పోగేసి లారీకెక్కించారు. బడికి సెలవు కాబట్టి నేనూ వస్తానని తాతయ్య కాళ్లకి చుట్టేసుకున్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, తన ఈలని తాడుతో సహా నా మెళ్లో వేసి, "పిల్లల్ని వరసలో నిలబెట్టే డ్యూటీ నీది" అన్నారు. ఆ ఈల మెళ్లో పడగానే నాకు నిజంగానే పెద్ద ఆఫీసరునైపోయినట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. బియ్యం బస్తాల మీద కూర్చుని నేను చూసిన ఆ దారి ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంటుంది. దెందులూరు దాటి హైవే వదిలాక చేలు లేవు, గట్లు లేవు, అన్నీ నీళ్లే. వాన వెలిసి సన్నగా మంచు పట్టింది. ఆకాశం ఎక్కడ అయిపోయిందో, నీళ్లెక్కడ మొదలయ్యాయో తెలియలేదు. మునిగిన పూరిళ్ల కప్పుల మీద తెల్ల కొంగలు కదలకుండా నిలబడి ఉన్నాయి. లారీ చప్పుడు చేసే ఉంటుంది, మా వాళ్లు మాట్లాడుకునే ఉంటారు. అయినా ఆ దారి గుర్తొచ్చినప్పుడు అందులో చప్పుడే ఉండదు. ఒక మడతమంచం నీళ్ల మీద తేలుకుంటూ మా పక్కనే కొంతదూరం వచ్చింది. దాన్ని చూస్తే నాకు భయం వేయలేదు. ఎవరో దాని మీద నిద్రపోతున్నారేమో, లేపకూడదేమో అనుకున్నాను.

ఎత్తు మీద కట్టిన ఒక బడి దగ్గర లారీ ఆగింది. లంకల్లోంచి దోనెల మీద జనం వస్తున్నారు. హవల్దారు బాబాయి, అంటే మిలిటరీలో పాతికేళ్లు వంట చేసినాయన, వెంటనే పొయ్యిలు తవ్వించి పప్పుచారు మొదలుపెట్టాడు. మిగతావాళ్లు తాళ్లు కట్టి వరసలు ఏర్పాటు చేశారు. ఆడవాళ్లకి ఒకటి, మగవాళ్లకి ఒకటి, పిల్లలకి ఒకటి. నేను ఈల ఊది ఊది పిల్లల వరసని గీత గీసినట్టు నిలబెట్టేశాను.

అప్పుడొచ్చింది ఒక మామ్మ. సన్నగా, నల్లగా, నిటారుగా ఉంది. చంకలో ఒక పులుసు చట్టి తప్ప చేతిలో ఇంకేం లేదు. ఇల్లు పోయినా ఆ మట్టిచట్టిని మాత్రం పట్టుకొచ్చింది. వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడిందిగానీ, ఆడవాళ్ల వరసలోకి రాలేదు. ఆమెతో ఒకే దోనెలో వచ్చిన ఒకావిడని అడిగితే, ఆ మామ్మ రెండు రోజులుగా ఏమీ తినలేదని, తన దగ్గరున్న అటుకులన్నీ దోనెలో పిల్లలకే పెట్టేసిందని చెప్పింది. వాళ్ల లంకకి ఎవరొచ్చినా ఆవిడ చేతి పులుసు తినకుండా వెళ్లరట.

నాకు జాలేసింది. జాలితోపాటు, నిజం చెప్పాలంటే, ఆఫీసరు గర్వం కూడా ఉంది. ఇంత పెద్ద సంగతి కనిపెట్టింది నేనే కదా! వెంటనే ఆమె ఎదురుగా వెళ్లి నిలబడి, ఈల గట్టిగా ఊది, "ఈ మామ్మ రెండ్రోజుల్నుంచి తిండి తినలేదండీ! ఈమెని వరసలో ముందుకి రానివ్వండి!" అని అరిచాను.

వరసల్లో ఉన్న తలకాయలన్నీ ఇటు తిరిగాయి. మామ్మ మొహం ఒక్కసారిగా మూసుకుపోయింది. కొంగు నెత్తి మీదకి లాక్కుని, "నాకాకలి లేదమ్మా. నాది పెట్టిన చెయ్యేగాని చాపిన చెయ్యి కాదు" అంది. అని వరండా చివరికి వెళ్లి, మాకు వీపు పెట్టి నీళ్లకేసి కూర్చుంది. కాసేపటికి దోనె నడిపే అతన్ని పిలిచి, తిరిగి వెళ్లేటప్పుడు తనని లంకకి దింపెయ్యమని అడిగింది. "అక్కడ ఇల్లు లేదు కదండీ మామ్మగారూ" అని అతను తల గోక్కున్నాడు. "నీళ్లున్నాయిగా" అంది ఆమె.

ఆమె అన్నం తినకుండా ఆ నీళ్లలోకి వెళ్లిపోతే ఆ పాపం నాదేనని చిన్నదాన్నైనా నాకు అర్థమైంది. ఏడుస్తూ తాతయ్య దగ్గరికి పరిగెత్తి జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు. వంగి నా మెళ్లోంచి ఈల తీసి తన జేబులో వేసుకున్నారు, అంతే. దానికంటే నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది.

తర్వాత ఆయన చేతులు కడుక్కుని, రుచి పుస్తకం తీసుకుని మామ్మ దగ్గరికి వెళ్లారు. పక్కన కూర్చోకుండా, పెద్ద ఆఫీసరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు.

"అక్కగారూ, ఒక చిక్కొచ్చిందండి. మా పద్ధతిలో ఒకరు రుచి చూసి సరే అంటేగాని వడ్డన మొదలెట్టకూడదండి. ఎప్పుడూ మాలో మేమే చూసుకుని తినేస్తాం. ఇవాళ తినేది మీవాళ్లు. మీ లంకల రుచి మాకేం తెలుస్తుందండి? మీరొచ్చి చూసి చెప్పాలి."

మామ్మ తల తిప్పలేదు. "ఇంకెవర్నైనా పిలవండి బాబూ" అంది.

"మీ పులుసు సంగతి అందరూ చెప్తున్నారండి. మీరుండగా ఇంకొకర్ని పిలిస్తే తప్పు కదండీ."

సరిగ్గా అప్పుడే పిల్లల వరసలో ఒక చంటిది ఆకలికి రాగం తీసింది. మామ్మ చివాల్న లేచింది. "పసిబిడ్డల్ని నిలబెట్టి మాడుస్తారా ఏంటండీ, నడవండి!" అంటూ కొంగు నడుముకి దోపి పొయ్యిల దగ్గరికి వచ్చింది. అరచేతిలో నాలుగు చుక్కలు పోయించుకుని నాలిక్కి తగిలించింది. హవల్దారు బాబాయిని ఎగాదిగా చూసింది.

"చింతపండు వేశారా బాబూ, చూపించి తీసేశారా?"

మా వాళ్లంతా ఘొల్లుమన్నారు. పాతికేళ్లు పెద్ద పెద్ద ఆఫీసర్ల చేత శభాష్ అనిపించుకున్న బాబాయి మొహం వాడిన వంకాయలా అయింది. "ఆయ్, ఇప్పుడే పిసుకుతానండి" అని చింతపండు ముద్ద అందుకున్నాడు. మామ్మ దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుని తనే పిసికింది. మిరపకాయలు తుంచింది, ఉప్పు విదిలించింది. చారు తెర్లాక ఇంకో నాలుగు చుక్కలు నాలిక్కి తగిలించి, "ఇప్పుడు పెట్టండి" అంది.

"అలా కుదరదండి" అన్నారు తాతయ్య. "చుక్క నాకితే లెక్కలోకి రాదండి. రుచి చూసేవాళ్లు ఆకు ముందు కూర్చుని, అన్నం కలుపుకుని, ఆకు ఖాళీ చేసి చెప్పాలి. మా రూలు అంతేనండి."

నేను నోరు తెరిచాను. అలాంటి రూలేదీ లేదు. చెంచాడే కదా తాతయ్యా, వనభోజనాల్లో నేను చూశాను కదా, అనబోయాను. తాతయ్య నాకేసి చూడనైనా లేదు. కానీ ఖాళీగా ఉన్న నా మెడ మీద ఈల తాడు ఒరిపిడి ఇంకా చుర్రుమంటోంది. తెరిచిన నోరు మూసేశాను.

మామ్మ పిల్లల వరసకేసి చూసింది, ఆవిరి లేస్తున్న అన్నంకేసి చూసింది. తర్వాత నిదానంగా ఆకు ముందు కూర్చుంది. మొదటి ముద్ద మింగేటప్పుడు ఆమె గొంతు కదలడం నాకు కనిపించింది. అందరూ ఆమె తినడం చూస్తున్నారు. కానీ ఎవరి చూపులోనూ జాలి లేదు. ఈవిడ ఎప్పుడు బాగుందంటుందా అని ఎదురుచూస్తున్నారు. రెండోసారి కూడా వడ్డించుకుని తిని, ఆకు మడిచి, "బాగుందండి, పెట్టెయ్యండి" అంది. సంతకం రాదంటే తాతయ్య పుస్తకం పట్టుకున్నారు. ఆమె బొటనవేలు గుండిగ మసికి అద్ది, పేజీ మీద గట్టిగా నొక్కింది.

తర్వాత నాలుగు రోజులు ఆ శిబిరంలో మామ్మ మాటే చట్టం. ఆమె వేలిముద్ర పడందే ఒక్క ఆకు వేయలేదు. బాబాయి కూడా "మామ్మగారూ, ఉప్పు చూడండి" అంటూ వెనకాల తిరిగాడు.

నీళ్లు తీశాక దోనెలో లంకకి తిరిగి వెళ్తూ నన్ను దగ్గరికి పిలిచింది. పొద్దుటి ఎండ నీళ్ల మీద పరుచుకుని ఆమె మొహం సరిగ్గా కనిపించలేదు, మాట మాత్రం వినిపించింది. "చెంచాడు చాలని నాకు తెలుసే పిల్లా. నువ్వు నోరు తెరిచి మూశావు చూడు, అప్పుడే తెలిసిపోయింది." నా బుగ్గ పుణికి, చట్టిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దోనె తెల్లటి వెలుగులోకి మెల్లగా వెళ్లిపోయింది. కొంగలు కూడా అటే ఎగిరాయి.

ఆ మాట తాతయ్యకి చెప్పాలా వద్దా అని ఎన్నాళ్లో తన్నుకులాడాను. చెప్పలేదు. ఏళ్లు గడిచాయి. నాకు పెళ్లయి ఏలూరు కాపురానికి వచ్చాను. తాతయ్య మంచం పట్టారని తెలిసి వెళ్లేసరికి, ఆయన మూడు పూటలుగా ఎవరెంత బతిమాలినా తినకుండా గోడవైపు తిరిగి పడుకుంటున్నారట. "ఒకరి చేత తినిపించుకునే బతుకేంటమ్మా" అన్నారట. షెడ్డుకి వెళ్లి పాత రుచి పుస్తకం తెచ్చాను. పలచగా చారన్నం కలిపి, గిన్నె ఆయన చేతికే ఇచ్చి, "తాతయ్యా, పిల్లలింకా అన్నాలకి కూర్చోలేదు. మీరు చూసి సరే అంటే వడ్డిస్తాను" అన్నాను.

ఆయన నాకేసి చూశారు. ఆ కళ్లలోకి నవ్వు రావడం నాకు తెలుస్తూనే ఉంది. "చెంచాడేగా?" అన్నారు.

"చెంచాడైతే లెక్కలోకి రాదండి" అన్నాను. "మీ రూలేగా."

ఆయన గిన్నె ఖాళీ చేశారు. మసి వేలిముద్రలున్న పేజీ పక్కనే సంతకం పెట్టి, "ఉప్పు తగ్గింది" అన్నారు. తగ్గలేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు నాకు ఆ మామ్మ వయసుంటుంది. మా ఊళ్లో సంఘం ఇంకా నడుస్తోంది. రేకుల షెడ్డు వేశారు, నిన్నగాక మొన్న మిలిటరీ నుంచి వచ్చిన కుర్రాళ్లు నడుపుతున్నారు. నెలకో ఆదివారం వెళ్లి వాళ్లతోపాటు వంట పనిలో కూర్చుంటాను. ఒక్కోసారి అన్నాల వేళ ఎవరో ఒకరు దూరంగా, స్తంభానికి ఆనుకుని కనిపిస్తారు. అయ్యో, తినలేదా అనే మాట నా నాలిక చివరిదాకా వస్తుంది. నోరు తెరుస్తాను, మూసేస్తాను. గరిటె తీసుకుని దగ్గరికి వెళ్లి, ఉప్పు సరిపోయిందేమో కాస్త చూసిపెట్టండి అని అడుగుతాను.